మెత్తటి నాడాలు

మూడు కంచాలూ పెట్టి కోడలు కూర్చుంది. శనివారం, మధ్యాహ్నం భోజనాల వేళ.

అబ్బాయి నోరు తెరిచి నాలుగు రోజులైంది. తినడానికి తెరుస్తున్నాడు, ఆవులించడానికి తెరుస్తున్నాడు. తల్లితో మాట్లాడడానికి మాత్రం తెరవడం లేదు. బుధవారం ఉదయం ఆ కాగితం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ చెప్పాల్సినదంతా చేతులతోనే చెబుతున్నాడు. బడిలో అందరూ పెద్ద టీచరని పిలిచే ఆ తల్లికి ఆ చేతుల భాష రాదు.

ముప్ఫై రెండేళ్ళు చెవిటి పిల్లల బడిలో పాఠం చెప్పిన మనిషికి సైగలు రావంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆవిడ పనిచేసిన రోజుల్లో అక్కడ సైగ చెయ్యకూడదు. పిల్లలు పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, గొంతుతో జవాబు చెప్పాలి. ఐదేళ్ళ కొడుకును చెయ్యి పట్టుకుని ఆ బడికి తీసుకువెళ్ళి, అక్కడే టీచరుగా ఉండిపోయి, పుట్టుచెవుడున్న వాడి చేత మాట్లాడించింది. ఇన్నేళ్ళకు వాడు ఆ మాటను ఆవిడ దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకున్నాడు.

"కూర బావుందా?" అంది, కొడుకు చూసేలా పెదవులు బాగా విడదీసి.

అతనికి అర్థమైంది. అయినా భార్య వైపు తిరిగి రెండు వేళ్ళు ఆడించాడు.

"బావుందంటున్నారు," అంది కోడలు.

"ఆ ముక్క నాతో అంటే కూర పాడైపోతుందా?"

కోడలికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఆమెకు చెవులు వినపడతాయి. అమ్మానాన్నలిద్దరికీ వినపడవు కాబట్టి మాట కన్నా ముందు సైగలే వచ్చాయి. కోర్టులో దుబాసీగా పనిచేస్తోంది. ఎవరు ఎవర్ని ఎంత తిట్టినా ముఖం మార్చకుండా అవతలివాళ్ళకు చేరవెయ్యడం ఆమె ఉద్యోగం. సెలవు రోజున ఇంట్లో కూడా అదే పని పడుతుందని పెళ్ళినాడు అనుకుని ఉండదు.

అతను ఉప్పు సీసా కింద ఉన్న కాగితాన్ని వేలితో చూపించి, చేతులు గబగబా కదిలించాడు. కోడలు కోర్టులో చెప్పినట్టే, అతని మాటను అతని మాటలాగే చెప్పింది.

"అమ్మా, సంతకం పెట్టావా?"

కోడలి గొంతులో 'అమ్మా' విన్నప్పుడల్లా పెద్ద టీచరు కొడుకు నోటి వంక చూస్తోంది.

"పెట్టలేదు. చదువుతున్నాను."

"నాలుగు రోజులుగానా? పట్టుమని పది వాక్యాలు లేవు."

నిజమే, పది వాక్యాలు లేవు. వచ్చే ఏడాది నుంచి ఒకటో తరగతి పిల్లలకు సైగలతో పాఠం చెప్పాలని పాత విద్యార్థులు అడిగారు. రేపు ఆదివారం ఉదయం పది గంటలకు బడి కమిటీ అందరినీ పిలిచి తేలుస్తుంది. వద్దు, పాత పద్ధతే ఉంచండి అని పాత టీచర్ల తరపున రాసిన ఉత్తరమిది. సైగలు వస్తే పిల్లలు మాట నేర్చుకోరని అందులో ఉంది. కింద ఎనిమిది సంతకాలున్నాయి. తొమ్మిదో చోటు ఖాళీ. దాని పైవాక్యం ఆవిడకు నోటికి వచ్చేసింది: 'మా పద్ధతికి రుజువు కావాలంటే, సొంత బిడ్డ చేత మాట్లాడించిన మా పెద్ద టీచరు గారే ఉన్నారు.'

"నేను రుజువునా అమ్మా? నన్ను అడిగే రాశారా?"

"నేను రాయలేదురా ఆ ముక్క."

"సంతకం పెడితే రాసినట్టే."

ఆవిడ చెయ్యి కడిగేసుకుంది. కంచంలో సగం అలాగే ఉంది.

"నేను చేసినదంతా తప్పేనంటావు. మాటలు వచ్చాయి కాబట్టే కదా నీకు కళ్ళద్దాల షాపులో పని దొరికింది?"

"నేను అద్దాలు అరగదీస్తాను. అవి నన్ను కబుర్లు చెప్పమని అడగవు."

కోడలు ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్ద టీచరు ఆమె వంక చూసేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది అమ్మాయ్. నేను వెళ్ళేనాటికి ఆ బడిలో ఏముండేదో తెలుసా? రూళ్ళకర్ర. పిల్లాడి చెయ్యి లేస్తే వేళ్ళ కణుపుల మీద దెబ్బ. హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి దెబ్బలాడి మాన్పించింది ఎవరు? నేను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మరి చేతులు ఊరుకోవాలి కదా, అందుకని దాని బదులు నాడా పెట్టాను. పాఠం జరిగినంతసేపూ రెండు మణికట్లూ కలిపి కట్టడం, అయిపోగానే విప్పడం. ఆ నాడాలు కూడా కొన్నవి కావు. ఒరుసుకుంటాయేమోనని పాత దిండు గలీబులు చింపి, రెండు మడతలు పెట్టి, నా చేత్తో కుట్టాను."

ఆవిడ కొడుక్కి కనబడేలా పెదవులు కదపడం మరిచిపోయింది. కోడలి చేతులు ఆ మాటలన్నిటినీ అతనికి చేరవేశాయి. అతను ఆఖరిదాకా చూసి, నెమ్మదిగా జవాబిచ్చాడు.

"మెత్తగానే ఉండేది," అంది కోడలు. తర్వాత మిగిలింది కూడా చెప్పింది. "నాకే విప్పుకోవడం రాలేదు."

"అప్పట్లో అందరూ అదే చేశారు. నాకు తెలిసినదాంట్లో మంచిదే చేశాను. నీ మేలు కోరే కదా చేశాను!"

అతను లేచి, తన కంచం తీసుకుని, వెళ్ళబోతూ భార్యతో ఏదో అన్నాడు. ఆ మాటల మధ్యలో ఒక మణికట్టును రెండో చేతి వేళ్ళతో చుట్టి వదిలేశాడు. ఈ పన్నెండేళ్ళలో భార్యాభర్తలిద్దరూ చేతులతో మాట్లాడుకుంటుంటే ఆవిడ ఆ సైగను ఎన్నిసార్లో చూసింది.

"అదేంటి? ఇలా చుట్టాడే?"

కోడలు నీళ్ళగ్లాసు అటూ ఇటూ జరిపింది.

"చెప్పమ్మా. కోర్టులో అన్నీ చెప్తావు కదా."

"మీ పేరు అత్తయ్యా. చేతులతో ఒక్కొక్కరికీ ఒక పేరుంటుంది. హెడ్మాస్టరు గారికేమో ఇలా." ఎడమచేతి కణుపుల మీద కుడిచేత్తో కొట్టి చూపించింది. "మీకు ఇలా. తిట్టు కాదు. ప్రేమగా కూడా అదే అంటారు. పేరు కదా, ఎలా అన్నా అదే."

"ఎప్పట్నుంచి?"

"మీరు నాడా కట్టిన మొదటి ఏడాది నుంచేనట."

పంపు కింద అబ్బాయి కంచం కడిగిన చప్పుడు వినిపించింది. తన కంచం ఎంత చప్పుడు చేస్తుందో అతనికెప్పుడూ తెలియదు. వీధి తలుపు పడింది. షాపుకు వెళ్ళిపోయాడు.

కోడలు కూడా బజారు పనుందని వెళ్ళింది. ఇంట్లో ఆవిడా, గోడగడియారమూ మిగిలారు.

* * *

నాలుగు గంటలకు వరండాలో లైటు మూడుసార్లు వెలిగి ఆరింది. ఆ ఇంట్లో బెల్లు నొక్కితే మోగదు, లైట్లు వెలుగుతాయి.

గుమ్మంలో పాత హెడ్మాస్టరు గొడుగు మడుస్తున్నాడు. ఇప్పుడు కమిటీ పెద్ద ఆయనే. పిల్లలకు మాత్రం ఎప్పటికీ రూళ్ళకర్ర మాస్టారే. ఎనభైకి దగ్గర పడ్డాడు. చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి.

"మీ ఇంటికి వస్తే దొంగలా అనిపిస్తుంది టీచరమ్మా. ఎంత నొక్కినా చప్పుడుండదు."

"దొంగలు బెల్లు నొక్కరు మాస్టారూ. రండి."

ఆవిడ టీ ఇచ్చింది. కప్పు సాసర్లో గలగలమంటుంటే ఆయన దాన్ని బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతో ఎత్తుకుని తాగాడు. ఒకప్పుడు ఆ చేతులు చూస్తే క్లాసంతా బిగుసుకుపోయేది.

"సంతకం అయిందా?"

"మీతో ఒక మాట మాట్లాడాలి."

"నాతో దెబ్బలాట మీకు కొత్తా? కానివ్వండి."

"సైగలంటే మీకెందుకంత భయం?"

ఆయన కప్పు దించి, నిజంగానే ఆలోచించాడు.

"మనం పోయాక వాళ్ళ గతేంటని. సైగలు వచ్చినవాళ్ళతోనే తిరుగుతారు, వాళ్ళలో వాళ్ళే ఉండిపోతారు. ఆస్పత్రికి వెళ్తే నొప్పెక్కడో చెప్పుకోవాలి కదా, ఆఫీసుకు వెళ్తే పని అడగాలి కదా. ఊరందరూ మాట్లాడేది నోటితోనే. మీ అబ్బాయిని చూడండి, బజారుకు వెళ్ళి కావలసినవి తెచ్చుకోగలడు."

"మా వాడు బజారులో నోరు విప్పడు మాస్టారూ. విప్పితే జనం వెనక్కి తిరిగి చూస్తారు. చీటీ రాసుకుని వెళ్తాడు." ఆవిడ తన కప్పు పక్కకు జరిపింది. "నాతోనే మాట్లాడేవాడు. నాలుగు రోజుల నుంచి అదీ లేదు."

ఆయన గబుక్కున తలెత్తి, మళ్ళీ కప్పులోకి చూశాడు. ఓదార్చడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

"ఇంకొకటి అడుగుతాను. కోపం తెచ్చుకోకండి. ఆ రూళ్ళకర్ర తప్పేనంటారా?"

"ఇప్పుడెందుకండీ అది?"

"చెప్పండి."

"అప్పట్లో అందరూ అదే చేశారు. నాకు తెలిసినదాంట్లో మంచిదే చేశాను. పిల్లల మేలు కోరే కదా."

పెద్ద టీచరు కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆ మూడు మాటలూ మధ్యాహ్నం ఆవిడ ఈ బల్ల దగ్గరే కొడుకుతో అన్నవి. వరస కూడా అదే. ఆవిడ నోట్లో ఎంతో న్యాయంగా వినిపించిన మాటలు ఆయన నోట్లో వట్టిపోయినట్టున్నాయి.

"అప్పుడు మీ గదిలో నేనేమన్నానో గుర్తుందా?" అని అడిగింది.

"గుర్తు లేకపోవడమేంటి! కణుపులు వాచిన పిల్లాణ్ణి లాక్కొచ్చి, వాడి చెయ్యి తీసి నా బల్ల మీద పెట్టారు. నిన్నటిదాకా తెలియదన్నారు సరే, ఇది చూశాక కూడా తెలియదంటే ఎలా అన్నారు. ప్యూను కూడా విన్నాడు. వారం రోజులు నిద్రపట్టలేదు నాకు." ఆయన నవ్వాడు. "కానీ మానేశానా లేదా? చచ్చేం పోలేదుగా."

"మానేశారు. ఆ సంగతి నేను ఎవరికైనా చెప్తాను."

"అయితే ఇప్పుడు సంతకం పెట్టండి. ఆ రోజుల్లోలాగే ఒకే బడి మనుషులం."

ఆవిడ ఉప్పు సీసా జరిపి, కాగితం తీసి, ఆయన ముందుకు తోసింది. తొమ్మిదో చోటు ఖాళీగానే ఉంది.

"నన్ను వదిలెయ్యండి మాస్టారూ."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. సంచీలోంచి అట్ట ఊడిన పాత పుస్తకమొకటి తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. బడి వార్షిక సంచిక. పేజీ పైన ఆవిడ ఫొటో. జుట్టు నల్లగా ఉంది.

"సంతకం లేకపోతే పోయె. ఇదుంది కదా. రేపు సభలో ఇది చదువుతాను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. కొడుకు అరగదీసిన అద్దాలు. అక్షరాలు ఒక్కటి కూడా అలుక్కోలేదు.

'మా అబ్బాయికి ఏడేళ్ళు. మూడు రోజులుగా జ్వరం. దాహమని బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. నేను నీళ్ళు ఇవ్వలేదు. నోటితో అడగమన్నాను. మధ్యాహ్నం నుంచి లైట్లు వేసే వేళ దాకా ఇద్దరం పట్టు వదలలేదు. చివరికి నీళ్ళు అన్నాడు. నా జీవితంలో అంతకు మించిన రోజు లేదు. తల్లులారా, జాలిపడి ఓడిపోకండి.'

"మన బడి ఇంతకన్నా గొప్ప పేజీ రాయలేదు," అన్నాడాయన. ఎగతాళి లేదు ఆ గొంతులో. "నేను మనసు డీలాపడినప్పుడల్లా ఇది తీసి చదువుకున్నాను."

"చదవకండి."

"ఎందుకు? మీ మాటే కదా."

"అందుకే వద్దంటున్నాను."

"వద్దంటే ఎలా? అచ్చయిపోయింది. దీన్ని చదివి ఎంతమంది తల్లులు ఇలాగే చేశారో నాకూ తెలియదు, మీకూ తెలియదు." ఆయన గొడుగు కోసం చెయ్యి చాచాడు. అది దొరకడానికి కాస్త సమయం పట్టింది. "ఆ రాత కొట్టెయ్యాలంటే మీరే రేపొచ్చి, అందరి ముందూ నిలబడి కొట్టెయ్యండి. నేను నోరు మూసుకుని కూర్చుంటాను. మీరు రాకపోతే మాత్రం చదువుతాను."

పుస్తకం బల్ల మీదే వదిలి వెళ్ళాడు. ఆయన దగ్గర ఇంకో ప్రతి ఉందట.

* * *

కోడలు వచ్చేసరికి ఆవిడ అదే కుర్చీలో ఉంది. టీ కప్పులు తియ్యలేదు. ఎప్పుడూ కప్పు ఎండనివ్వని మనిషి.

కోడలు సంచీ దించి పేజీ చదివింది. రెండోసారి కూడా చదివింది.

"వాడి పెదవులు పగిలి ఉన్నాయి," అంది పెద్ద టీచరు. "ఆ సంగతి ఇందులో రాయలేదు చూడు. నీళ్ళు అన్నప్పుడు కింది పెదవి మీద నెత్తురు కనిపించింది. ఇన్నేళ్ళూ నాకు మాట ఒక్కటే గుర్తుంది. నెత్తురు ఇవాళ గుర్తొచ్చింది."

కోడలు పక్కన కూర్చుంది.

"ఆ రోజు గురించి ఆయన నాకు చెప్పారు. పెళ్ళయిన కొత్తలో."

"ఏమన్నాడు?"

"అత్తయ్యా, వదిలెయ్యండి."

"కోర్టులో ముద్దాయికి కూడా చెప్తావు."

కోడలు తన చేతుల వంక చూసుకుంది. "ఈ మాట అనకపోతే అమ్మ నన్ను చచ్చిపోనిస్తుంది అనుకున్నారట. అన్నాక మీరు ఏడుస్తూ గ్లాసు అందించారట. అమ్మ ఎందుకు ఏడుస్తోందో తెలియలేదట."

"సంతోషంతో ఏడ్చానే."

"నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? ఏడేళ్ళు."

వీధిలో ఎవరో ఎవర్నో ఇంటికి రమ్మని కేకేశారు. రెండు కేకలకే జవాబు వచ్చింది.

"మా అమ్మ చదివిన బడిలో మీలాంటి టీచరు కూడా లేదు అత్తయ్యా," అంది కోడలు. "అక్కడ రూళ్ళకర్ర ఎవరూ ఆపలేదు. మా అమ్మకి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా వంగవు. సైగ చేస్తే ముద్దముద్దగా వస్తుంది. మీరు ఆపారు. రూళ్ళకర్ర పోయాక నాడా కూడా పోవాలని మీరు చూడలేదు, మీ పాత పిల్లలు చూశారు. మేం రేపు పెట్టే పద్ధతిలో కూడా ఏదో ఒక తప్పు ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి మా బల్ల మీద పెడతారు. అప్పుడు నేను కూడా మీలాగే కంచం వదిలేసి లేస్తానేమో."

"నువ్వు లేవవు. నీకు తిండి మీద శ్రద్ధ ఎక్కువ."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"రేపు వస్తాను, తప్పని చెప్తాను. ఇది చేతులతో ఎలా అనాలి?"

కోడలు చూపించింది. పెద్ద టీచరు చేసింది. వేళ్ళు బిర్రబిగిసి ఉన్నాయి. సుద్దముక్క పట్టడానికీ, నాడా ముడెయ్యడానికీ అలవాటు పడ్డ వేళ్ళు. నాలుగోసారికి కోడలు తలూపింది.

లైట్లు వేసే వేళకు అబ్బాయి వచ్చాడు. చొక్కా చేతుల మీద అద్దాల పొడి తెల్లగా ఉంది. బల్ల మీద తెరిచి ఉన్న పేజీ చూశాడు. ఫొటో చూశాడు. అతని ముఖంలో ఏమీ మారలేదు. ఆ పేజీ అతనికి కొత్త కాదని అప్పుడు తెలిసిందావిడకు.

ఆవిడ నిలబడింది. చేతులు ఎత్తింది. రేపు. నేను. వస్తాను. తప్పు. చెప్తాను.

మూడో మాట దగ్గర తడబడి మళ్ళీ చేసింది.

అతను కదలకుండా చూశాడు. తల్లి చేతులు గాలిలో మాట్లాడడం నలభై ఐదేళ్ళలో అతను చూడడం ఇదే మొదటిసారి. తర్వాత చేతులు చిన్నగా కదిపి ఏదో అడిగాడు.

"నోటితో చెప్తావా, చేతులతోనా?" కోడలు అతని చేతులకంటే ఒక మాట వెనకబడి చెప్పింది. కోర్టులో ఎప్పుడూ అలా వెనకబడదు. "అక్కడ రెండు వందల మంది ఉంటాం. అందరం నీ పెదవుల వంక చూసి చూసి కళ్ళు నొప్పెట్టినవాళ్ళమే. రేపు కూడా నీ పెదవులే చూడాలా అమ్మా?"

పెద్ద టీచరు గడియారం వంక చూసింది. పొద్దున పది గంటలకు సభ. ఈ వయసులో, ఈ వేళ్ళతో, చెప్పాల్సింది ఐదు మాటలతో అయ్యేది కాదు. నీళ్ళ సంగతి చెప్పాలి. నాడాల సంగతి చెప్పాలి. పేజీ చదివి అలాగే చేసిన తల్లులకు కూడా చెప్పాలి.

కుర్చీ లాక్కుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చుంది. ఒకటో తరగతి పిల్లలు కూర్చునే తీరది. ఆవిడే నేర్పేది.

"నేర్పమను," అంది కోడలితో.

అతను ఎదురుగా కూర్చున్నాడు. కోడలు లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

మొదటి మాట చేసి చూపించాడు. ఆవిడకు అందలేదు. మళ్ళీ చూపించాడు. అందలేదు. చేతులు అక్కడ కదులుతుంటే ఆవిడ అతని ముఖం వంకే చూస్తోంది. ఇన్నేళ్ళ అలవాటు. అతని నోట్లోంచి ఏదో ఒకటి రాకపోతుందా అని చూస్తోంది.

అతను కణుపులతో బల్ల మీద రెండుసార్లు గట్టిగా కొట్టాడు. ఇటు చూడు.

ఆ దెబ్బ ఆవిడదే. పిల్లల చూపు చేతుల మీదికి పోతే, బల్ల అదిరి తన పెదవుల వైపు తిరగాలని, ముప్ఫై రెండేళ్ళు సరిగ్గా అలాగే, రెండుసార్లే కొట్టింది.

అతనికీ తెలిసింది. బల్ల మీద అతని చెయ్యి అక్కడే ఉండిపోయింది.

 ఆవిడ చూపు ఇంకా అతని నోటి మీది నుంచి చేతుల మీదికి దిగలేదు.